డెల్ఫ్ట్ జంతువుల గిన్నెలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెదర్లాండ్స్‌లో ఉంటున్న తెలుగువాళ్లు, చూడటానికి వెళ్లొచ్చినవాళ్లు డెల్ఫ్ట్ మట్టి సామాను గురించి అడిగే సందేహాలు చాలావరకు ఒకటే. అందులోనూ మూత మీద ఆవో పిట్టో కూర్చున్న చిన్న గిన్నెల గురించే ఎక్కువగా అడుగుతారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. వీటిని షోకేసు బొమ్మలుగా మాత్రమే చూస్తే నాకు మనసొప్పదు. ఇవి మనుషులు బల్ల దగ్గర కూర్చుని మూత తీసి, వెన్న తీసుకుని, మళ్లీ మూత పెట్టిన పాత్రలు. జవాబులన్నీ ఆ దృష్టితోనే రాశాను.

## మొదటి పరిచయం

డెల్ఫ్ట్ అంటే ఊరా, కంపెనీయా, ఒక రకం పింగాణీయా?

ఊరు. నెదర్లాండ్స్‌లో హేగ్, రాటర్‌డామ్ నగరాల మధ్య ఉంది. 17వ శతాబ్దంలో అక్కడ మట్టి పాత్రల కార్ఖానాలు బాగా పెరిగాయి. ఆ శతాబ్దం చివరికి 30కి పైగా ఉండేవి. ఆ ఊరి పేరే సరుకు పేరు అయింది. సరుకు మాత్రం పింగాణీ కాదు. కాల్చిన మామూలు మట్టి మీద తగరం కలిపిన తెల్లటి గ్లేజు (కాలిస్తే గాజులా మెరిసే పూత) వేసి, దాని మీద రంగులు దిద్దిన పాత్రలివి. ఈ విద్య ఇటలీ నుంచి 16వ శతాబ్దం మొదట్లో ఇప్పటి బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌కి వచ్చింది. 1585లో ఆంట్‌వెర్ప్ స్పెయిన్ సైన్యం చేతిలో పడ్డాక చాలామంది పనివాళ్లు ఉత్తరానికి వలస వెళ్లారు. వాళ్లతో పాటే ఈ పని హార్లెమ్, ఆమ్‌స్టర్‌డామ్, డెల్ఫ్ట్ లాంటి ఊళ్లకు చేరింది.

ఇదంతా చైనా పింగాణీకి నకలే అంటారు, నిజమేనా?

మొదట్లో నిజమే. డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ 1602లో ఏర్పడింది. 1602, 1603 సంవత్సరాల్లో డచ్చివాళ్లు పట్టుకున్న పోర్చుగీసు ఓడల్లోని చైనా పింగాణీని వేలం వేశారు. దాంతో యూరప్‌లో దానిమీద మోజు పెరిగింది. 1640లలో మింగ్ వంశం కూలి చైనాలో అల్లకల్లోలం రేగింది, సరఫరా తగ్గిపోయింది. ఆ ఖాళీని డెల్ఫ్ట్ నింపింది. అయితే నీలం రంగు పళ్లేలను చూసి డెల్ఫ్ట్ మొత్తాన్నీ నకలు అనేయడం అన్యాయం. 18వ శతాబ్దంలో వచ్చిన ఆవు మూతల వెన్నగిన్నెలు, గూట్లో కూర్చున్న పిట్టలు చైనాకు నకళ్లు కావు. డెల్ఫ్ట్ తన చుట్టూ ఉన్న పచ్చికబయళ్లనూ కాలవలనూ చూసింది ఈ గిన్నెల్లోనే అని నా అభిప్రాయం.

జంతువుల ఆకారం పాత్రలు ఎప్పటివి?

మ్యూజియాల్లో కనిపించే వాటిలో ఎక్కువభాగం 18వ శతాబ్దానివి, అందులోనూ 1740 తర్వాతవి. అప్పటికి డెల్ఫ్ట్‌కు గట్టి పోటీ వచ్చింది. చైనా సరుకు మళ్లీ పుష్కలంగా దిగుతోంది. జర్మనీలో మైసెన్ కార్ఖానా 1710 నుంచి అసలైన పింగాణీ చేస్తోంది. ఇక పళ్లేలూ కూజాలే నమ్ముకుంటే లాభం లేదని, చిన్నవి, రంగురంగులవి, బల్ల మీద పెట్టగానే కళ్లు లాగేవి చేయడం మొదలుపెట్టారు.

మైసెన్, స్ట్రాస్‌బర్గ్ వాళ్ల జంతువులను చూసి చేసినవేనా?

ఆలోచన చాలావరకు అటునుంచే వచ్చింది. మైసెన్‌లో యోహాన్ యోవాహిం కెండ్లర్ అనే శిల్పి చేసిన పక్షులు, జంతువులు యూరప్ అంతటా పేరు తెచ్చుకున్నాయి. స్ట్రాస్‌బర్గ్‌లో జంతువుల ఆకారంలో పెద్ద పెద్ద మూతపాత్రలు చేసేవారు. అంతకు ముందు నుంచే రాజుల విందుల్లో పంచదారతో చేసిన బొమ్మలను బల్ల నిండా పేర్చే అలవాటు ఉంది. వాటి స్థానంలోకి పింగాణీ వచ్చింది. డెల్ఫ్ట్ మట్టితో ఈక ఈకా విడిగా కనపడేలా చెక్కడం కుదరదు. తెల్లటి గ్లేజు మందంగా పడి సన్నటి గీతలను కప్పేస్తుంది. అందుకని అక్కడివాళ్లు ఆకారాన్ని సులువు చేసి, మిగతాది కుంచెకు వదిలేశారు. రెక్క మీద నాలుగు గీతలు, కన్ను చుట్టూ ఒక చుక్క, అంతే. మైసెన్ పక్షిలో నైపుణ్యం ఎక్కువ, ఒప్పుకుంటాను. డెల్ఫ్ట్ పిట్టలో ప్రాణం ఎక్కువ.

ఏయే జంతువులు ఎక్కువగా కనిపిస్తాయి?

ఆవు, మేక, కోడి, బాతు, హంస, గూట్లో కూర్చున్న తీతువు. చేపల్లో పైక్ అనే పొడుగాటి మంచినీటి చేప. హెర్రింగ్ చేప వడ్డించడానికి సన్నటి పొడవాటి పళ్లేలు ఉంటాయి, వాటి మీద ఆ చేప బొమ్మే ఉంటుంది. గుర్రాలు, కుక్కలు, కోతులు, రింగులో వేలాడే చిలకలు కూడా చేశారు. వాటిలో చాలావరకు అలంకారానికే.

## ఆ జంతువే ఎందుకు?

ఆవు ఒంటి నిండా పువ్వులు ఎందుకు? మన కనుమలాంటి పండుగ ఉందా?

చూడగానే మనకు కనుమ గుర్తుకు రావడం సహజం. కొమ్ములకు బంగారు రంగు, మెడలో దండ, ఒంటి మీద పూలు. కానీ వెనక ఉన్న కథ వేరు. డచ్ ఊళ్లలో కసాయివాళ్ల సంఘాలు బాగా మేపిన ఎద్దును పూలదండలతో అలంకరించి వీధుల్లో ఊరేగించేవి. ఆ తర్వాత దాన్ని కోసేవారు. పూల ఆవు బొమ్మలకు ఆ ఊరేగింపే మూలమని సాధారణంగా చెబుతారు. మన కనుమ పశువు మరునాడు పొలానికి వెళుతుంది, అది వెళ్లదు. ఈ సంగతి తెలిశాక ఆ ఆవును చూసే చూపు కొంచెం మారుతుంది.

మూత మీద పడుకున్న ఆవు విషయం ఇంకా తేలిక. లోపల ఉన్నది వెన్న, మీద ఉన్నది వెన్న ఇచ్చిన జంతువు. పాడి మీద బతికిన దేశానికి ఇంతకంటే నేరుగా మాట్లాడే గిన్నె ఉండదు.

గూట్లో కూర్చున్న ఆ పిట్ట ఏది? పావురమా?

కాదు, అది తీతువు జాతి పిట్ట. మన చెరువుగట్ల మీద అరిచే తీతువుకు దగ్గర చుట్టం. డచ్ తీతువుకు నెత్తిన సన్నటి పొడుగాటి కుచ్చు ఉంటుంది. అది పచ్చిక మైదానంలో నేల మీదే గుడ్లు పెడుతుంది. వసంతం రాగానే ఆ గుడ్లు వెతకడం అక్కడ పాత ఆచారం. ముఖ్యంగా ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో ఏడాదిలో మొదటి గుడ్డు దొరికించుకోవడం పెద్ద గౌరవం. ఒకప్పుడు ఆ గుడ్లు ఖరీదైన వంటకం కూడా.

కాబట్టి అల్లిన బుట్టలాంటి గిన్నె, దాని మూతగా పొదుగుతున్న తీతువు అంటే ఆనాటి డచ్చివాళ్లకు వసంతం వచ్చిందని చెప్పినట్టే. మన దగ్గర తీతువు కూత అపశకునం అంటారు కాబట్టి కొందరు ఈ గిన్నె ఇంట్లో పెట్టుకోవచ్చా అని టెన్షన్ పడతారు. అక్కడ ఆ పిట్ట శుభవార్త. నిశ్చింతగా పెట్టుకోండి. ఈ గిన్నెల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. గిన్నె, గూడు ఒకటే అయిపోయిన రూపం ఇంత సహజంగా కుదరడం అరుదు.

చిలకలు, కోతులు హాలండ్‌లో లేవు కదా?

లేవు. ఓడల మీద వచ్చాయి. దూర దేశాల జంతువులను పెంచుకోవడం, వాటి బొమ్మలు గీయించుకోవడం ఆనాటి డబ్బున్న ఇళ్ల సరదా. చైనా నుంచి వచ్చిన చిలక బొమ్మలు కూడా డెల్ఫ్ట్ పనివాళ్ల కళ్లముందు ఉన్నాయి.

డచ్చివాళ్లకు మన తీరంతో ఉన్న సంబంధం వీటిలో ఎక్కడైనా కనిపిస్తుందా?

పాత్రల్లో నేరుగా వెతకకండి, ఓడల్లో వెతకండి. చైనా పింగాణీ మోసిన డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీయే 17వ శతాబ్దం మొదట్లో మచిలీపట్నంలో వ్యాపారం పెట్టింది. బందరులో వలందపాలెం పేరు వాళ్ల వల్ల వచ్చిందే. భీమునిపట్నంలో వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మన తీరం నుంచి అద్దకం బట్టలు హాలండ్ ఇళ్లకు చేరాయి. పనితనంలో కూడా ఒక పోలిక ఉంది. డెల్ఫ్ట్ చిత్రకారులు కాగితం మీద బొమ్మ గీత పొడవునా సూదితో చిల్లులు పొడిచి, పాత్ర మీద ఆనించి బొగ్గు పొడి అద్దేవారు. చుక్కలుగా పడిన గీత మీద కుంచె నడిపేవారు. కోరమండల్ తీరపు అద్దకంవాళ్లు బట్ట మీద బొమ్మ దింపడానికి చేసిన పద్ధతి కూడా అదే.

## తయారీ

ఇవి చేత్తో చేసినవా, అచ్చులో పోసినవా?

అచ్చులో ఒత్తినవి. మెత్తని మట్టిని పలచటి రొట్టెలా చేసి, రెండు భాగాల అచ్చులోకి వేళ్లతో ఒత్తి, ఆ రెండు భాగాలను పలచని మట్టి బురదతో అతికేవారు. లోపల బోలుగా ఉంటుంది. గాలి పోవడానికి దారి లేకపోతే కాల్చేటప్పుడు పగులుతుంది కాబట్టి అడుగున రంధ్రమో తెరిచిన భాగమో వదిలేవారు. చెవులు, కొమ్ములు, పూలు విడిగా చేసి పెట్టేవారు. అచ్చు ఒకటే అయినా ఏ రెండు ఆవులూ ఒకేలా ఉండకపోవడానికి కారణం ఈ చేతిపని, ఆపైన కుంచె.

మూత మీది జంతువు ఎప్పుడూ పడుకునే ఎందుకు ఉంటుందని కూడా అడుగుతారు. కాళ్లు ముడుచుకుంటే అడుగు చదునుగా వచ్చి గిన్నెను చక్కగా కప్పుతుంది. సన్నటి కాళ్లు బట్టీలో వంగే ప్రమాదం లేదు, వాడకంలో విరిగే భయం లేదు. వీపు మీద చెయ్యి వేసి ఎత్తడానికీ వీలు.

ఆ తెల్లదనం ఎలా వస్తుంది?

తగరం వల్ల. స్థానిక మట్టికి సున్నం ఎక్కువగా ఉన్న మట్టిని కలిపేవారు. అది బెల్జియం వైపున్న టూర్నే ప్రాంతం నుంచి వచ్చేది. ఈ మిశ్రమాన్ని సుమారు 1000 డిగ్రీల వేడిలో ఒకసారి కాలిస్తే లేత పసుపు రంగు పాత్ర వస్తుంది. దాన్ని తగరం, సీసం, ఇసుక, క్షారం కలిపిన పలచటి గ్లేజులో ముంచుతారు. నీటిని పాత్ర పీల్చేసుకుని పైన తెల్లటి పొడి పొర మిగులుతుంది. ఆ పొడి మీదే రంగులు వేయాలి. వేసిన గీతను తుడవడం కుదరదు, ఒక్కసారి వేస్తే వేసినట్టే. రంగు మెరవడానికి పైన ఇంకో పారదర్శకమైన సీసపు గ్లేజు చల్లి రెండోసారి కాలుస్తారు. ఆ పొడి పొర మీద చెయ్యి వణకకుండా పిట్ట కన్ను దిద్దినవాళ్ల పేర్లు మనకు చాలావరకు తెలియవు.

డెల్ఫ్ట్ అంటే నీలమే కదా? ఇవి రంగురంగులుగా ఎందుకు ఉన్నాయి?

నీలం కోబాల్ట్ నుంచి వస్తుంది, పెద్ద వేడికి తట్టుకుంటుంది, అందుకే ఎక్కువగా వాడారు. మాంగనీసుతో ఊదా, రాగితో ఆకుపచ్చ, ఆంటిమొనీతో పసుపు, ఇనుముతో ఎరుపు కూడా ఆ వేడిలోనే వస్తాయి. జంతువుల గిన్నెల్లో ఎక్కువ ఈ రంగులవే. గులాబీ రంగు, బంగారం కావాలంటే 600-700 డిగ్రీల దగ్గర మూడోసారి కాల్చాలి. అది ఖర్చుతో కూడిన పని.

మా దగ్గరున్న ఆవుకు రంగు పొరలుగా లేచిపోతోంది. నకిలీదా?

అలా అనుకోనక్కర్లేదు. కొన్నిటిని తెల్లగా కాల్చి, తర్వాత నూనె రంగులు పూసి వదిలేసేవారు. మళ్లీ కాల్చరు కాబట్టి రంగు గ్లేజులో కలవదు, కాలంతో పాటు రాలుతుంది. ఇలాంటిదాన్ని తడిగుడ్డతో కూడా తుడవకండి. మిగిలిన రంగును కాపాడుకోవడమే ముఖ్యం, కొత్త రంగు వేయించవద్దు.

మేం శాకాహారులం. వీటిలో ఎముకల పొడి ఉంటుందా?

ఎముకల బూడిద కలిపేది బోన్ చైనాలో. అది 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో కుదురుకున్న వేరే విద్య. తగరపు గ్లేజు వేసిన డెల్ఫ్ట్ పాత్రలో మట్టి, సున్నం, ఇసుక, లోహాలు ఉంటాయి, ఎముక ఉండదు. ఈ మధ్య చేసిన సావనీరు అయితే తయారీదారుని అడిగి తెలుసుకోండి.

## బల్ల మీద

ఇంత చిన్న గిన్నెలో ఏం పెట్టేవారు?

ఎక్కువగా వెన్న. రొట్టె, వెన్న, జున్ను వాళ్ల రోజువారీ తిండి. గిన్నె రెండు చేతుల్లో ఇమిడేంత ఉంటుంది. మూత తియ్యకముందు పిట్ట, తీశాక గూట్లో వెన్న. అతిథికి ఆ చిన్న ఆశ్చర్యం కలిగించడం కూడా వడ్డనలో భాగమే.

ఆవు ఆకారంలో ఉండే పాల కూజా కూడా అక్కడిదేనా?

తోక మెలి తిరిగి పిడి అవుతుంది, నోట్లోంచి పాలు వస్తాయి, వీపు మీద చిన్న మూత ఉంటుంది. ఈ రూపం డచ్చిదేనని సాధారణంగా భావిస్తారు. 1750, 60లలో లండన్‌లో జాన్ షుపె అనే కంసాలి వెండితో చేసినవి ప్రసిద్ధం. తర్వాత ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులు మట్టితో విపరీతంగా చేశారు. అందంగా ఉంటాయి కానీ లోపల కడగడం కష్టం. పాలు పోస్తే వెంటనే వేడి నీళ్లతో తొలచాలి.

పాత గిన్నెలో ఇప్పుడు వెన్నో పచ్చడో పెట్టుకోవచ్చా?

వద్దు. పాత గ్లేజులో సీసం ఉంది. నిమ్మ, చింతపండు, పెరుగు లాంటి పులుపు తగిలితే అది ఆహారంలోకి దిగుతుంది. గ్లేజులో సన్నటి పగుళ్లు ఉంటే లోపలి మట్టి జిడ్డును పీల్చుకుంటుంది, వాసన పోదు. పిల్లలున్న ఇంట్లో ఈ విషయంలో అసలు రాజీ పడకండి. కొత్తవైతే ఆహారానికి పనికొస్తుందని తయారీదారు స్పష్టంగా చెబితేనే వాడండి.

## కొనేముందు

అడుగున డెల్ఫ్ట్ అని రాసి ఉంది. పాతదేనా?

దాదాపు ఖాయంగా కాదు. 18వ శతాబ్దపు కార్ఖానాలు తమ గుర్తు వేసేవి, ఊరి పేరు కాదు. డెల్ఫ్ట్, హాలండ్, చేత్తో చిత్రించినది అనే రాతలు చాలావరకు 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దంలో వచ్చినవి. బెల్జియంలో, జర్మనీలో చేసిన వాటి మీద కూడా డెల్ఫ్ట్ అని ఉంటుంది.

మరి ఏ గుర్తులు చూడాలి?

గొడ్డలి బొమ్మ డి పోర్సెలైన్ బైల్ కార్ఖానాది. ఏ, కే అక్షరాలు కలిపి రాసిన గుర్తు 'డి గ్రీక్షె ఆ' అనే పేరున్న కార్ఖానాను 1686 నుంచి 1701 వరకు నడిపిన ఆద్రియానస్ కాక్స్‌ది. ఇంగ్లండ్ రాణి రెండో మేరీకి సరుకు పంపినవాడు ఆయనే. అందుకే ఆ గుర్తుకు దొంగ నకళ్లు విపరీతం. పూల ఆవు మీద ఆ గుర్తు ఉంటే మరీ అనుమానించాలి, ఎందుకంటే అలాంటి ఆవులు ఆయన తర్వాతి కాలానివి. చిన్న సీసా బొమ్మ, దాని కింద జే, టీ అక్షరాలు ఉంటే డి పోర్సెలైన్ ఫ్లెస్‌ది. 1653లో మొదలై నేటికీ నడుస్తున్న కార్ఖానా అది. 1876లో యోస్ట్ థోఫ్ట్ కొని దానికి మళ్లీ ఊపిరి పోశాడు. 1879 నుంచి సంవత్సరాన్ని అక్షరాలతో సూచిస్తున్నారు, కాబట్టి వాటి వయసు చెప్పడం తేలిక.

గుర్తు అన్నిటికంటే ముందు చూసేది కాదు, చివర చూసేది. గుర్తు పెట్టడం క్షణం పని.

గుర్తు కాకపోతే ఏం చూడాలి?

అంచుల్లో ఎక్కడో ఒకచోట గ్లేజు పెచ్చు లేచి ఉంటుంది. అక్కడ లోపలి మట్టి లేత పసుపుగా, మెత్తగా, పొడిపొడిగా కనిపిస్తే తగరపు గ్లేజు వేసిన మట్టి పాత్ర. గట్టిగా, తెల్లగా మెరుస్తుంటే అది వేరే సరుకు. 19వ శతాబ్దపు పునరుద్ధరణ తర్వాత డి పోర్సెలైన్ ఫ్లెస్ కూడా తెల్లటి మట్టికి, పారదర్శకమైన గ్లేజుకు మారింది. తర్వాత గ్లేజులో సూది మొనలంత గుంటలు ఉన్నాయా చూడండి. అరిగిన చోట్లు అర్థవంతంగా ఉన్నాయా అన్నది ఇంకా ముఖ్యం. మూత గిన్నెను రాసుకునే అంచు, బల్లకు తగిలే అడుగు అరగాలి. ఎవరూ ముట్టుకోని చోట అరుగుదల ఉంటే ఎవరో కావాలని అరగదీశారు.

మూత ఆ గిన్నెదేనని ఎలా తెలుసుకోవాలి?

మూతను మెల్లగా తిప్పి పెట్టి చూడండి. అసలు జత ఒక వైపున హాయిగా కూర్చుంటుంది. రెండిటి తెలుపు ఒకే ఛాయలో ఉండాలి, నీలమో ఊదానో ఒకే చిక్కదనంలో ఉండాలి. చాలాసార్లు మూత లోపల, గిన్నె అడుగున ఒకే గుర్తో అంకెలో ఉంటాయి. బుట్ట అల్లిక గీతలు మూత నుంచి గిన్నెలోకి కొనసాగుతున్నాయా కూడా చూడండి.

రెండు ఉంటే ధర రెట్టింపు కంటే ఎక్కువ చెబుతున్నారు. ఎందుకు?

ఒకటి కుడికి, ఒకటి ఎడమకు చూసే జతలు విడివిడి అచ్చుల్లో చేసినవి. రెండున్నర శతాబ్దాలు రెండూ పగలకుండా, విడిపోకుండా మిగలడం అరుదు. కానీ తర్వాత కలిపిన జతలు కూడా ఉంటాయి, అడిగి తెలుసుకోండి.

విరిగి అతికించిన దాన్ని కొనొచ్చా?

నిరభ్యంతరంగా, ఆ సంగతి చెప్పి అమ్మితే. కొమ్ములు, చెవులు, ముక్కులు బాగుచేయించనివి దొరకడం కష్టం. దాచిపెట్టిన రిపేరు చీకట్లో యూవీ టార్చి వేస్తే వేరే ఛాయలో వెలుగుతుంది. చేత్తో తడిమితే గ్లేజు చల్లగా, పూసిన రంగు గోరువెచ్చగా, మెత్తగా తగులుతుంది.

టూరిస్టు షాపులో చిన్న నీలం ఆవు కొన్నాం. డబ్బులు దండగేనా?

కాదు. పాతదని చెప్పి పాత ధర తీసుకోనంతవరకు అందులో మోసం లేదు. చేత్తో వేసిందో, అచ్చుకాగితం అంటించిందో మాత్రం చూసుకోండి. కుంచె గీతలో ఒకచోట చిక్కదనం, ఒకచోట పలచదనం ఉంటుంది. ముద్ర వేసిన బొమ్మ అంతటా ఒకే తీరుగా ఉంటుంది.

## ఇంటికి వచ్చాక

ఎలా కడగాలి?

నీళ్లలో నానబెట్టొద్దు, డిష్‌వాషర్ అసలు వద్దు. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపడం చాలు. మరీ అవసరమైతే గ్లేజు గట్టిగా ఉన్నచోట తడి దూదితో తుడిచి వెంటనే ఆరబెట్టండి. కొమ్ములు, తల పట్టుకుని ఎత్తకండి. మూతను విడిగా, గిన్నెను విడిగా రెండు చేతులతో తీయాలి.

ఇండియాకు తీసుకెళ్తే మన ఎండకు పాడవుతుందా?

ఎండ కంటే ఏసీ గాలి, వంటింటి ఆవిరి ఎక్కువ ఇబ్బంది. వేడి, చలి గబగబా మారితే పగుళ్లు పెరుగుతాయి. ఏసీ కింద, పొయ్యి దగ్గర, దేవుడి దీపం పక్కన పెట్టకండి. ప్రయాణంలో చేతి సామానులోనే ఉంచండి, మూతనూ గిన్నెనూ వేర్వేరుగా చుట్టండి. టేపు గ్లేజుకు తగలకూడదు.

## చూడాలంటే

మంచివి ఎక్కడ చూడొచ్చు?

ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ మ్యూజియం, హేగ్‌లో కున్‌స్ట్ మ్యూజియం, లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం. డెల్ఫ్ట్‌లో ప్రిన్సెన్‌హోఫ్ మ్యూజియం కూడా ఉంది, వెళ్లేముందు తెరిచి ఉందో లేదో చూసుకోండి. అదే ఊళ్లో డి పోర్సెలైన్ ఫ్లెస్ కార్ఖానాలో చిత్రకారులు పని చేస్తుండగా చూడొచ్చు. ఫ్రీస్‌లాండ్ వైపు వెళితే మక్కుమ్‌లో టిహెలార్ కార్ఖానా ఉంది, దాని చరిత్ర 1572 నుంచి చెబుతారు. ఈ గిన్నెలు కొన్నిచోట్ల పెద్ద పూలకుండీల పక్కన, కింది అరల్లో ఉంటాయి. పిల్లలను ముందు నిలబెట్టండి, వాళ్ల కంటి ఎత్తుకు సరిగ్గా సరిపోతాయి.